సగం విని రాసిన మనిషి

మా కొట్టు ముందు రోడ్డు వెంట పాత టెలిఫోన్ స్తంభాలు పీకేస్తున్నారు. ఇప్పుడందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లే, ఆ స్తంభాలతో ఎవరికీ పని లేదు. నిన్న పొద్దున ఇద్దరు మనుషులు ఒక స్తంభాన్ని పడుకోబెట్టి తాడు కడుతుంటే దాని మీద నల్లరంగుతో రాసిన నెంబరు కనిపించింది. ఏడు అంకెకి నడుమ అడ్డగీత. అలా రాసే చెయ్యి ఈ అరకు చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. తను రాసిన ఒక్క నవల అట్ట మీద కూడా కలం పేరే వేయించుకున్నాడు. టెలిఫోన్ లైన్లు బాగుచేసే ఉద్యోగం కాబట్టి ఊళ్ళలో లైన్‌బాబు అనేవారు. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను సెల్లమ్మా అనేవాడు. సొంతూరు కురుపాం వైపు. భార్య, కూతురు విజయనగరం దగ్గర సొంతింట్లో ఉండేవారు. ఆయనకి మాత్రం ఉద్యోగమంతా ఈ కొండల్లోనే గడిచింది.

తొంభైల చివర మా నాన్న నాకు ఎస్టీడీ బూతు పెట్టించాడు. వానాకాలం వస్తే వారానికి రెండుసార్లు మా లైను చచ్చిపోయేది. అప్పుడు వచ్చేవాడు, పొడుగ్గా, బక్కగా, భుజాన తోలుసంచీ, నడుముకి చుట్టుకున్న తాడుతో. వస్తూనే ఎదురుగా ఉన్న మనిషిని కూడా "హలో, ఇనిపిస్తందా?" అని పలకరించేవాడు. మొదట్లో హాస్యమనుకున్నాను. కాదు, నోటికి అలా అలవాటైపోయింది. మనం "ఆ, వినిపిస్తోంది" అంటే తప్ప అసలు మాట మొదలుపెట్టేవాడు కాదు.

ఒకచోట నిలబడడం ఆయనకి చేతకాదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేవాడు. కుర్చీ వేస్తే దాని చుట్టూ తిరిగేవాడు. "కూకుంటే లైను కట్టయిపోతాది సెల్లమ్మా" అనేవాడు. టీ ఇస్తే గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి నడిచిపోయేవాడు. సగం తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయేవాడు. సాయంత్రం నేను మా గ్లాసులు ఏరుకోవడానికి బయల్దేరితే ఒకటి చర్చి గోడ మీద, ఒకటి ఆగిన జీపు ముందు రేకు మీద దొరికేవి. మాట కూడా అంతే, మధ్యలోంచి మొదలయ్యేది. "అదే మరి, ఆ ముసిలోడు ఏటన్నాడో తెలుసా?" అంటాడు. ఏ ముసలాయనో, ఎక్కడో మనమే అడిగి తెలుసుకోవాలి. అడిగితే మాత్రం బొర్రా స్టేషన్ దగ్గర సొరంగంలోంచి రైలు బయటికొచ్చినప్పుడు ఆ ముసలాయన ఎలా చెవులు మూసుకున్నాడో, మూసుకుని ఏమన్నాడో, మన కళ్ళకు కట్టేటట్టు చెప్పేవాడు. ఇదంతా కంప్లైంటు స్లిప్పుల వెనక పెన్సిలుతో రాసుకుంటాడని నాకు చాలా కాలానికిగానీ తెలియలేదు.

రెండు వేలు దాటాక కొన్నేళ్ళకి బూతులో రెండు కంప్యూటర్లు పెట్టాను. నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాడు పని అయ్యాక కూడా వెళ్ళలేదు. తెర చుట్టూ తిరిగాడు.

"సెల్లమ్మా, దీన్లో తెలుగు వస్తాదా?"

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పేజీ ఒకటి ఉండేది, అది తెరిచి చూపించాను. నిలబడే, కుడిచేతి చూపుడువేలుతో వెతుక్కుంటూ కొట్టాడు. తెర మీద 'ఏటి' అని పడింది. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఓలమ్మ! మన ఏటి కూడా ఒప్పుకుంది సూడు! నాను ఏమిటి అని కొడితేనే పలుకుతాదనుకున్నాను."

ఆ నవ్వుతో బ్లాగు మొదలైంది. దానికి 'ఇనిపిస్తందా' అని పేరు పెట్టాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యి నేను తాళం తీసేసరికి కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాడు. నిలబడి కొట్టడానికి వీలుగా తెర కింద చెక్కపెట్టె పెట్టించాను. స్తంభం మీంచి కనబడే ఊళ్ళు, తీగ మీద వాలే పిట్టలు, జీపులో పదిహేనుమందితో పాటు ప్రయాణం చేసిన మేక, ఇలాంటివి రాసేవాడు. ఒక పేజీ మించేది కాదు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, ఎడారి దేశాల నుంచి కూడా ఎవరెవరో చదివి కింద రెండు ముక్కలు రాసేవారు. దాంతో ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. ఏ ఊళ్ళో ఉన్నా మధ్యాహ్నానికి నాకు ఫోను.

"ఎవులైనా పలికేరేటి?"

పలికారంటే ఆ రోజు ఆయన గొంతు వేరు. ఎవరూ పలకలేదంటే టక్కున పెట్టేసేవాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. లైన్లు పరీక్షించడానికి ఆయన సంచీలో ఒక ఫోను ఉండేది. స్తంభమెక్కి దాన్ని తీగకి తగిలిస్తే ఆ లైనులో మాట్లాడుకునేవాళ్ళ మాటలు వినబడతాయి. మాట వస్తోందని తెలియగానే తీసేయాలి, అది పని మర్యాద. పదేళ్ళు ఆయన అలాగే తీసేశాడు. బ్లాగు మొదలయ్యాక ఒక్క ఊపిరి ఆలస్యంగా తీయడం మొదలుపెట్టాడు. తరువాత రెండు ఊపిరులు. ఫోనులో అరిచే పాస్టరుగారి మీద రాసినది, పెళ్ళి బేరం చెడిపోయిన ఇంటి మీద రాసినది అలా వచ్చినవే. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఎందుకంటే అవే బాగుండేవి.

ఒక ఆదివారం వచ్చి, ఎప్పటికంటే తొందరగా కొట్టాడు. అనంతగిరి అవతల ఒక కొండ ఊరు. ఊరంతటికీ ఒకటే ఫోను, ఒక ఇంటి అరుగు మీద ఉంటుంది. లైను పాడయింది, ఒకపక్క గొంతే వస్తోంది. బాగుచేయడానికి ఈయన స్తంభమెక్కి పరీక్ష ఫోను తగిలించేసరికి ఒక ఆడమనిషి మాట్లాడుతోంది. అవతల ఎవరున్నారో వినబడదు. "రావొద్దు," అంటోంది. "నువ్వు లేకపోతే నాకేటి? బాగానే ఉన్నాను. రావొద్దంటే రావొద్దు." మొగుడితోనే. అతను మద్రాసు వైపు పనికి వెళ్ళాడని ఊళ్ళో చెప్పారు. ఫోను పెట్టేసి ఆమె నవ్వుతూ తోటలోకి వెళ్ళిపోయిందని రాశాడు ఈయన. ఆ తోటలో మిరియపు పాదుల నీడలో ఆమెకోసం ఇంకెవరో ఎదురుచూస్తున్నట్టు, చెప్పీ చెప్పనట్టు, చివరి వాక్యంలో అనిపించాడు. అద్భుతంగా రాశాడు.

చదివి నేనే అన్నాను, "అన్నయ్యా, కొంచెం ఊరు కనబడేటట్టు ఏదైనా రాయండి" అని. ఆయన ఆలోచించి, ఫోను మీద ఆ ఇంటివాళ్ళు కప్పిన ఎర్రగుడ్డ సంగతి, దాని అంచున కుట్టిన తెల్లదారం సంగతి చేర్చాడు.

ఎప్పుడూ రానంతమంది పలికారు. స్వేచ్ఛ అన్నారు, కొండల్లో స్త్రీ అన్నారు. ఒక వారపత్రిక ఆయన్ని అడక్కుండానే దాన్ని తీసి వేసుకుంది. అది చూసి ఈయన ఆ పత్రిక కాపీలు అరడజను కొన్నాడు. కొట్టు ముందు ఒకసారి గెంతాడు కూడా.

ఆ పత్రిక ఇక్కడి టీకొట్లో ఇంకొకరు కూడా చూశారు. ఆమె మరిది. ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నవాడు. ఎర్రగుడ్డ ఉన్న ఫోను వాళ్ళ ఊళ్ళోనే ఉంది. ఆ ఫోనులో వారం వారం మొగుడితో మాట్లాడే ఆడమనిషి ఒక్కతే ఉంది.

నెల తరువాత ఆ ఊరి లైను మళ్ళీ పాడైతే లైన్‌బాబు వెళ్ళాడు. ఎవరూ మంచినీళ్ళివ్వలేదు. ఫోను ఉన్న ఇంటాయన మాత్రం గడప దిగి వచ్చి చెప్పాడట, "నువ్వేనట కదా బాబూ రాసింది. ఆ కోడలు గుంటని అత్తోరు గెంటేసినారు. తోటలో కాలు పెట్టనివ్వలేదు. పంటంతా ఆళ్ళే కోసుకున్నారు. మొగుణ్ణి రావొద్దన్న ఆడదంట మరి, పేపర్లో పడింది."

ఆయన జీపు కోసం ఆగలేదు. ఎంత దూరం నడిచాడో తెలియదు, బురద కాళ్ళతో బూతులోకి వచ్చి నిలబడ్డాడు. "హలో" అనలేదు.

"తీసెయ్యి సెల్లమ్మా."

"ఏది?"

"అన్నీ. మొత్తం తీసెయ్యి."

రెండేళ్ళ రాతలు ఒక్కొక్కటే తీసేశాను. ఆయన చూస్తూ నిలబడ్డాడు. అయ్యాక గోడకేసి చేత్తో కొట్టాడు. "ఇక్కడ తీసేత్తే అక్కడ పోతాదేటి? పేపరు కాగితం కదా అది. ఆ ఊళ్ళో ఉండిపోద్ది."

తరువాతి వారం నన్ను కూడా రమ్మన్నాడు. ఆడమనిషి పక్కన ఉంటే ఆమె మాట్లాడుతుందేమోనని. నేను ఆయన కోసం వెళ్ళలేదు. ఆ ఎర్రగుడ్డ రాతలోకి వచ్చింది నా మాట వల్లే.

ఆమె పుట్టింటికి జీపు దిగాక గంట నడక. మేం వెళ్ళేసరికి వాకిట్లో సామలు చెరుగుతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆయన వాకిలి బయటే ఆగిపోయి, వయసులో చిన్నదయినా అక్కని పిలిచినట్టు పిలిచాడు.

"అప్పా, పేపర్లో రాసింది నానే."

చాట ఆగలేదు. "తెలుసు. ఆ దినం స్తంభం మీద ఉన్నావు. నాను సూసినాను. నీకు ఇనిపిస్తందని తెలీదు గానీ."

"తప్పయిపోనాది."

"ఏటి తప్పో తెలుసా నీకు?"

"దొంగసాటుగా ఇన్నాను."

"అదొకటి. ఇంకోటి?"

ఆమె చాట కింద పెట్టింది.

"సగమే ఇన్నావు. మిగతా సగం నువ్వే పెట్టినావు. మావోలు నాను అన్నది నమ్మలేదు, నువ్వు పెట్టిందే నమ్మినారు." నా వైపు తిరిగింది. "ఈవిడెవులు?"

"ఊరు కనబడేటట్టు ఏదైనా రాయమన్నది నేను. అలా ఫోను మీది ఎర్రగుడ్డ వచ్చింది," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తరువాత వాళ్ళమ్మని నీళ్ళు తెమ్మంది. మేం తాగాక, నెమ్మదిగా చెప్పింది. మొగుడు మద్రాసు వెళ్ళలేదు. కొండ కింద ఊళ్ళో ఆస్పత్రి దగ్గర చుట్టాలింట్లో ఉన్నాడు. దగ్గుతుంటే రక్తం పడింది. క్షయ అని తెలిస్తే ఊళ్ళో ఎవరూ చేతి నీళ్ళు తాగరని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని వెళ్ళాడు. మందులు ఆర్నెల్లు మింగాలి. మూడో నెలకే ఒళ్ళు తేలికపడింది, వచ్చేస్తానన్నాడు.

"వొచ్చేత్తే మందు మానేత్తాడు. మానేత్తే సచ్చిపోతాడని అక్కడి నర్సమ్మ సెప్పింది. అందుకే రావొద్దన్నాను. ఫోను పెట్టీసి నవ్వినానని రాసినావట. నాను తోటలోకి ఎల్లి ఏడ్సినాను. నువ్వు నా ఈపు సూసినావు, మొకం సూడలేదు."

ఆయన రెండు చేతులతో తలపట్టుకున్నాడు. "ఇది రాసేత్తాను అప్పా. రేపే రాసి ఆ పేపరోలకే పంపుతాను. మీ అత్తోరికి తెలిసిపోద్ది."

"వొద్దు!" అని అరిచింది. "ఇప్పుడు నోరిప్పితే ఆడి రోగం ఊరంతా తెలుస్తాది. ఆడొచ్చేదాకా ఊరుకో."

"మరి నన్నేటి సెయ్యమంటావు?"

"రాయకపోతే నీకు తోసదు కదా? అయితే రాయి. ఈపాలి అడిగి రాయి. నాను సెప్పింది రాయి." నేల చూపించింది. "కూకో."

ఆయన కూర్చున్నాడు. చాట పక్కన, మట్టి మీద.

ఆ తరువాత ఆయన నడిచిన తోవ నాకు కొట్టులోంచి కనబడినంతవరకే తెలుసు. పదిహేను రోజులకోసారి ఆదివారం ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆ ఊరు వెళ్ళేవాడు. ఆమె తీరిగ్గా కూర్చుని కథ చెప్పే మనిషి కాదు. పని చేస్తూ రెండు మాటలు, మళ్ళీ పని. ఆయన కూడా కట్టెలు మోశాడు, మిరియపు పాదులు చెట్లకి కట్టాడు. సాయంత్రం తిరిగొచ్చి కొట్టు ముందు గిరగిరా తిరిగేవాడు. "ఈ దినం మూడు మాటలు సెప్పింది సెల్లమ్మా. మూడే! నాను కల్పిస్తే మూడు పేజీలవుద్ది. ఈ సెయ్యి దురద పుట్టేస్తంది, ఏటి సెయ్యను?" ఇంకోరోజు, "నవ్విందా, ఏడ్సిందా అని అడిగితే, గుర్తులేదు అంటాది. గుర్తులేదు అని ఎలాగ రాస్తాను?" నేనేం చెప్తాను? గుర్తులేదని రాయమన్నాను. ఆయన నన్ను కోపంగా చూసి వెళ్ళిపోయి, పది నిమిషాలకి తిరిగొచ్చి, "నిజమే" అన్నాడు.

ఎవరూ పలకని రాత అది. మధ్యాహ్నం ఫోన్లు ఆగిపోయాయి. బ్లాగు రోజుల్లో రాసిన గంటకల్లా ఎవరో ఒకరు మెచ్చుకునేవారు. ఇప్పుడు నెలల తరబడి రాసినది ఆయన సంచీలోనే ఉండిపోయేది. మనిషి బాగా చిక్కిపోయాడు. ఒకసారి అడిగాను, మానేయకూడదా అని. "మానీయొచ్చు. ఆవిడ ఎదురుసూస్తాది కదా," అన్నాడు.

ఈలోగానే మందులు పూర్తయ్యి ఆమె మొగుడు వచ్చాడు. తనే ఊళ్ళో పెద్దల ముందు నిలబడి ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో చెప్పుకున్నాడు. అత్తగారు కోడిని పట్టుకుని కోడలిని పిలవడానికి వచ్చింది. ఆమె కోడిని తీసుకుంది గానీ వెళ్ళలేదు. మొగుడే ఆమె పుట్టింటి ఊరు వచ్చేశాడు. లైన్‌బాబుకి ఆ మనిషిని చూడాలంటే భయం. రెండు ఆదివారాలు తప్పించుకుని మూడోసారి వెళ్ళాడు.

"నా ఆడదాని మాట ఇన్నోడివి నువ్వేనా?" అని అడిగాడట ఆ మొగుడు.

"నానే."

"ఆ దినం లైను బాగోలేదు. నాకు సగం ఇనపడలేదు. ఏటందో సెప్పు."

ఇది చెప్పి ఆయన నా కొట్టు ముందు నవ్వుతూ, ముక్కు చీదుకుంటూ అలా తిరుగుతూనే ఉన్నాడు. ఆ ప్రశ్నతోనే నవల మొదలుపెట్టాడు.

రాత అంతా నేనే కంప్యూటర్లో ఎక్కించాను. 'అవతలి గొంతు' అని పేరు పెట్టాడు. ఒక పెద్ద ప్రచురణ సంస్థకి పంపాం. మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. వేస్తామన్నారు. అయితే, భర్తని రావొద్దనడానికి జబ్బు కారణం కావడం వల్ల కథ బలం తగ్గిందన్నారు. అప్పట్లో పత్రికలో వచ్చిన ముగింపే బాగుందన్నారు. మాండలికం కూడా కొంత సరిచేయాలన్నారు.

మూడు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాడు. నాకు నిజంగా భయం వేసింది. పుస్తకం మీద ఆయనకున్న ఆశ నాకు తెలుసు. అట్ట ఎలా ఉండాలో కూడా నాకు చెప్పుకునేవాడు. నాలుగో రోజు వచ్చి, "ఏస్తారంట సెల్లమ్మా," అన్నాడు. "తప్పుదే ఏస్తారంట. ఒప్పుది అక్కర్లేదంట." ఒక కార్డు మీద 'వద్దండి' అని రాసి, నా ఎదుటే సంతకం పెట్టి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. వచ్చాక డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాడు, చెయ్యి పట్టేటట్టుంటే కార్డు తిరిగి తీసేసుకునేవాడేమో.

ఏడాది అలా గడిచింది. ఒకరోజు నా కొట్టు మెయిలుకి ఒక ఉత్తరం వచ్చింది. బ్లాగు రోజుల్లో మారుపేరుతో అభిప్రాయాలు రాసే ఒకాయన. ఆ బ్లాగు ఎందుకు మాయమైంది, ఆయన క్షేమమేనా అని అడిగాడు. జరిగింది జరిగినట్టు రాశాను. విశాఖపట్నంలో ఆయనకి చిన్న ప్రెస్సు ఉందని అప్పుడు తెలిసింది. రాతప్రతి పంపమన్నాడు. చదివి, ఒక్క అక్షరం మార్చకుండా వేస్తానన్నాడు.

అయితే అచ్చుకి వెళ్ళే ముందు ఆమెకి మొత్తం చదివి వినిపించాలన్నాడు లైన్‌బాబు. ఆమెకి చదువు రాదు. నేనూ వెళ్ళాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన చదివాడు, గొంతు పోతే నేను చదివాను. ఆమె వింటూ మిరియాల తొడిమలు తీస్తూ కూర్చుంది. మొగుడు మధ్యలో లేచి గంజి కాచి తెచ్చాడు. ఆమె రెండుచోట్ల నవ్వింది. ఒకచోట తలొంచుకుంది. నవల చివరికొచ్చాం. అక్కడ ఆమె, పుట్టింటి వాకిట్లో నిలబడి, "నేను మిరియపు తీగని. పాకడానికి ఏ చెట్టయినా ఒకటే" అంటుంది. పుస్తకం మొత్తానికి నాకు అన్నిటికంటే నచ్చిన మాట అది. ప్రెస్సాయన కూడా దాన్నే అట్ట వెనక వేద్దామన్నాడు.

"ఆగు," అంది ఆమె. "అది నానెప్పుడన్నాను?"

"అనలేదనుకో. ఇది నవల కదా అప్పా. నీ మనసులో ఉన్నట్టు..."

"నా మనసులో లేదు. నవ్వినానని కూడా నువ్వు ఇలాగే రాసినావు." కోపంగా అనలేదు, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "సిల్వరోకు మాను ఎక్కిన పాదుని పీకి పనస మాను కాడ పెట్టు. బతుకుద్దేటి? నీకు మిరియం తెలీదు, నాను తెలీదు. ఏ సెట్టయినా ఒకటి కాదు బాబూ. నాను ఆ తోట కోసం ఇప్పటికీ ఏడుస్తన్నాను."

మేం ఇద్దరం ఆ మాట ఎరగం. ఆమె అత్తవారిల్లు వదిలేసి ధైర్యంగా ఉందనే అనుకున్నాం.

ఆయన పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది, నిజం చెబుతున్నాను. కొట్టేసి, "మరేటి రాయను?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అదే రాసుకున్నాడు. నవల ఇప్పుడు ఆ మాటతోనే అయిపోతుంది, తోట కోసం ఏడవడంతో. విమర్శకులెవరో ముగింపు నీరసంగా ఉందన్నారు. ఉండనీ.

విశాఖపట్నంలో ఆవిష్కరణ సభకి ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలకి లేచి పక్కకి వెళ్ళి మైకు తీగ సరిచేస్తూ నిలబడ్డాడు. ఎవరో అడిగారు, రెండో నవల ఎప్పుడని. "ఎవులూ అడగలేదండి నన్ను, మా కత రాయి అని. అడిగితే సూద్దాం," అన్నాడు. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ అరకు సంతకి వచ్చే ఆడవాళ్ళు కొందరు నా కొట్టు దగ్గర ఆగి, "లైన్‌బాబు ఎప్పుడొస్తాడు?" అని అడగడం మొదలైంది. ఏమిటి సంగతంటే చెప్పేవారు కాదు. ఆయనకే చెబుతామనేవారు. ఆ వానాకాలం ఆయన ఎక్కడెక్కడో తిరిగాడు. జ్వరంతోనే తిరిగాడు. నేను తిట్టి జీపు ఎక్కించేసరికి మలేరియా తలకెక్కింది. కిందికి దింపిన రెండో రోజే పోయాడు.

పదకొండో రోజుకి వాళ్ళింటికి వెళ్ళాను. నాతో ఆమె, ఆమె మొగుడు కూడా వచ్చారు. అరకు నుంచి రైల్లో కొండ దిగాం.

వదినగారు, అంటే ఆయన భార్య, నన్ను ఎరుగును. ఆమెని ఎరగదు. చూడగానే పోల్చుకుంది.

"నవల్లో ఉన్నది నువ్వేనా?"

"నానే."

"నాను సదవలేదు ఆ పుస్తకం," అంది వదినగారు. చుట్టాలందరూ అటు తిరిగారు. "సెలవు రోజు ఇంటికి రావల్సిన మనిషి, నీ ఇంటికి ఎల్లీవోడు. మూడేళ్ళు. నాకేటి సెప్పీవోడు కాదు. రాత్తన్నాను అనీవోడు. ఊళ్ళో వోలు ఏటేటో అన్నారు. నాను ఎవుల్ని అడగాలి?"

ఆమె మొగుడు నేల చూస్తున్నాడు. ఆమె మాత్రం వదినగారి మొహంలోకే చూసింది.

"నా గురించి తప్పు రాసినాడమ్మా. దాంతో నా కాపరం పోయింది, తోట పోయింది."

ఆమె అక్కడితో ఆపలేదు.

"తప్పు అందరూ సేస్తారు. సేసీసి పారిపోతారు. ఈయన పారిపోలేదు. నాను తిట్టినా వొచ్చినాడు, పలక్కపోయినా వొచ్చినాడు. కట్టెలు మోసినాడు. ఒప్పు రాసినదాకా వొచ్చినాడు. ఇంటోలికి సెప్పీడానికి మొకం లేకపోయుంటాది."

వదినగారు లేచి, లోపలికి వెళ్ళి, చాప తెచ్చి గోడ వారగా పరిచింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఎదురుగా తను కూర్చుంది.

"అయితే ఆ తప్పేటో నువ్వు సెప్పు," అంది.

"సెప్తాను. మధ్యలో లేవకు. మొత్తం ఇను," అని ఆమె మొదలుపెట్టింది.